పై బోరా మచ్చు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనే బడే సాబ్ చేతికి ఒక పేరుంది. రైతు ఎంత నమ్మకంగా చెప్పనీ, ఎన్ని ఒట్లు పెట్టనీ, నాణ్యం చూసేందుకు ఆయన పై గోనె బోరాలోంచి మచ్చు తీయడు. వరసలో అన్నిటికంటే అడుగున పడిన బోరా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికెడు పత్తి లాగుతాడు. పింజ విడదీసి ఎండకు పట్టి చూస్తాడు. అడుగున పుచ్చు పత్తి దొరికిందా, పైన ఎంత తెల్లగా ఉన్నా ఆయన దగ్గర పప్పులుడకవు. "పైది సూపించేకి పెడతారప్పా, అడుగుది అంటగట్టేకి" అంటాడు. ముప్పై ఏళ్ళుగా అదే మాట. అంతటి ఘనుడు సొంత ఇంట్లో ఏం చేశాడో చెబితే యార్డులో ఒక్కరూ నమ్మరు.

కిందటేడు ఆయన అన్న మాబుసాబ్ పెద్దపేగు క్యాన్సరుతో పోయాడు. ఏడాదిన్నర పాటు రక్తం పడుతుంటే మొలలే అనుకుని నాటు మందులు మింగుతూ కూర్చున్నాడు పాపం. తీరా ఆస్పత్రికి వెళ్ళేసరికి చేయి దాటిపోయింది. కడుపుకు మలం పట్టే సంచీ తగిలించారు. ఆఖరి నాలుగు నెలలూ ఆ సంచీ మార్చింది బడే సాబే. అప్పుడే డాక్టరమ్మ మిగిలిన ఇద్దరు తమ్ముళ్ళనూ పిలిచి, మీకు ఏ బాధా లేకపోయినా సరే, పైపు వేసి పేగు చూపించుకోండి అని గట్టిగా చెప్పింది. ఇద్దరూ బుద్ధిగా తలాడించారు. హొళగుందలో సేద్యం చేసే చిన్న తమ్ముడు దస్తగిరి "పంట ఇంటికి రానీ" అన్నాడు. బడే సాబ్ "సీజను అయిపోనీ" అన్నాడు. సీజను తర్వాత రంజాను రోజాలు అడ్డమొచ్చాయి, రోజాల తర్వాత దర్గా ఉరుసు. అలా ఏడాది గడిచిపోయింది.

చివరికి కూతురు షాహిస్తా ఓపిక నశించి ఇంటి మీదికే వచ్చింది. ఎమ్మిగనూరులో ఒక నర్సింగ్ హోములో నర్సు ఆ పిల్ల. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ డబ్బాలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద తండ్రి పేరు చీటీ, ఇంకోదాని మీద తల్లి హసన్‌బీ పేరు చీటీ.

"పైపు పరీక్షంటే పారిపోతాండావు కదబ్బా. ముందు దీంట్లో రవ్వంత దొడ్డికి తీసి ఇయ్యి. కంటికి కనపడని రక్తం ఉన్నా ఇది పట్టిస్తాది. దీంట్లో ఏమీ లేదని వచ్చినా నీకు పైపు తప్పదు, అది యాద్ పెట్టుకో. అమ్మీకి కూడా యాభై దాటినాయి, ఆమెది కూడా ఇయ్యాల."

హసన్‌బీ మర్నాడు పొద్దున్నే తన డబ్బా కాగితంలో చుట్టి మొగుడి చేతికిచ్చింది. ఆమెకు ఇందులో సిగ్గూ లేదు, రాద్ధాంతమూ లేదు. "రోజూ పోయేదే కదా, దానికేముండాది" అంది. ఆయనకు ఆ రోజు ఎమ్మిగనూరులో పని ఉంది. రెండు డబ్బాలూ తనే అందించాలి.

తన డబ్బా మాత్రం ఖాళీ. దాన్ని పట్టుకుని అరగంట అలాగే కూర్చున్నాడు. నెల రోజులుగా ఆయనకూ అప్పుడప్పుడు రెండు చుక్కలు పడుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఊరుకున్నాడు. కళ్ళు మూసుకుంటే చాలు, అన్న కడుపు మీది సంచీయే కనిపిస్తోంది. భయం వేసింది. పచ్చి భయం. ఆ భయంలోనే ఒక ఉపాయం తట్టింది. హసన్‌బీది తమ రక్తం కాదు. పెళ్ళయిన నాటి నుంచి జ్వరమని కూడా మంచమెక్కింది లేదు. ఇంతకంటే మంచి బోరా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆమె డబ్బా మీది చీటీ గోటితో పీకి, తన పేరు చీటీ దాని మీద అతికించాడు. ఖాళీ డబ్బాను బస్టాండు పక్క కాలువలో పారేశాడు.

"మీ అమ్మకు సిగ్గంటమా. వచ్చే నెల ఇస్తాదంట. నువ్వడిగితే ఏడుస్తాది, అడగొద్దు" అని కూతురికి చెప్పాడు. ఇంటికొచ్చి "ఇద్దరివీ ఇచ్చొచ్చినా" అని పెళ్ళానికి చెప్పాడు.

నాలుగో రోజు యార్డులో బోరాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉండగా ఫోను మోగింది. హమాలీ తిరుపాల్ దాన్ని జేబులోంచి తీసి ఆయన చెవి దగ్గర పెట్టాడు.

"అబ్బా, నీదాంట్లో రక్తం ఉందని వచ్చింది" అంది షాహిస్తా. "రక్తం ఉంటే క్యాన్సరే అని కాదు. కానీ పైపు వేసి సూడాల్సిందే. మళ్ళీ గురువారం కాక ఆ పై గురువారానికి కర్నూలు నుంచి డాక్టర్ వీణ మేడం వస్తాది. పేరు రాయించినా."

బడే సాబ్ చెయ్యి బోరాలోనే ఉండిపోయింది. చుట్టూ రేట్ల కేకలు, బండ్ల చప్పుడు అన్నీ ఒక్కసారిగా దూరమైపోయాయి. తనదాంట్లో రక్తం. తనది కాదు కదా! మరి ఎవరిది? తిరుపాల్ "ఏమైనాదన్నా, సెమట్లు పడతాండాయి?" అని అడిగాడు.

ఆ సాయంత్రమే నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా లోపల్లోపలే మెలికలు తిరిగాడు. కబురు విన్న హసన్‌బీ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని "మరి నాది ఏమొచ్చింది?" అని అడిగింది.

"నీది బాగుందంట" అన్నాడు.

ఆ నాలుక తెగిపోయినా బాగుండేది. ఎందుకన్నాడో ఆయనకే తెలియదు. ఆ గురువారం తను వెళ్ళి పైపు వేయించుకుంటాడట, ఏమీ లేదంటారట, అప్పుడు ఏదో వంక పెట్టి ఆమెను తీసుకెళ్తాడట. ఎంత తెలివి! పన్నెండు రోజులే కదా అనుకున్నాడు. ఆ పన్నెండు రోజులూ హసన్‌బీ ఆయనకు మెత్తటి అన్నం కలిపి పెట్టింది, దర్గాకు మొక్కుకుంది. ఆమె తినకుండా వదిలేసిన రొట్టెలు ఆయనకు కనిపిస్తూనే ఉన్నాయి. చేతి గాజులు మోచేతి దాకా జారుతుండడమూ కనిపించింది. చూసి కూడా చూపు తిప్పుకున్నాడు.

గురువారం పొద్దున ఎమ్మిగనూరు నర్సింగ్ హోములో, కడుపు కడిగే మందు తాగి తాగి నీరసించిన బడే సాబ్ పచ్చ గౌను కట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన హసన్‌బీ లేదు. బాత్రూముకని వెళ్ళి చాలాసేపైంది. వచ్చేటప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమైనాది నీకు?"

"ఏం లేదు, షాహిస్తా అబ్బా. వేడి చేసింది. రెండు నెల్లనుంచి ఇట్లే."

"ఏమవుతాండాది రెండు నెల్లనుంచి?"

హసన్‌బీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "రక్తం పడతాది. డాక్టరు కాడికి పోదామనే అనుకున్నా. అంతలో నాది బాగుందని నువ్వే సెప్తివి కదా. పరీక్షలోనే బాగున్నంక బయమెందుకని మజ్జిగ తాగుతాండా."

బడే సాబ్‌కు అప్పుడు తెలిసింది. ఆమె పరీక్షను దొంగిలించడమే కాదు, ఆమెను డాక్టరు దగ్గరికి పోనీయకుండా ఆపింది కూడా తనే!

లోపలి నుంచి నర్సు "బడే సాబ్" అని పిలిచింది. షాహిస్తా ఫైలు పట్టుకుని బయటికొచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు, కానీ అడుగు ముందుకు పడలేదు.

"ఆ కాగితం నాది కాదుమా."

"ఏం సెప్తాండావబ్బా?"

"ఆ డబ్బాలోది మీ అమ్మది. చీటీ నేను మార్చినా."

షాహిస్తాకు ముందు అర్థం కాలేదు. "అమ్మీ ఇయ్యలేదని సెప్తివి!"

"నేను యాడ ఇయ్యలేదు?" హసన్‌బీ తెల్లబోయింది. "నువ్వు తెచ్చిన మర్నాడే ఇస్తిని కదా!"

తల్లీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి ఆయన వైపు చూశారు. షాహిస్తా చేతిలోని ఫైలు జారి కింద పడింది. ఎవరూ వంగి తీయలేదు. వెనక తాళ్ళు వదులైన గౌనులో, అంతమందిలో, బడే సాబ్ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ను ఊరుకోబెట్టడానికి ఒక్కరూ కదలలేదు.

డాక్టర్ వీణ అంతా విని "అమ్మను రేపే కర్నూలు తీసుకురండి. వచ్చే గురువారం దాకా ఆగొద్దు" అని షాహిస్తాకు చెప్పింది. బడే సాబ్ వైపు తిరిగి "మీ అన్నగారికి ఈ జబ్బు వచ్చింది. మీకు ఏడాది కిందటే చూడాల్సింది. కడుపు కడుక్కునే ఉన్నారు కదా, పడుకోండి" అంది.

ఆయన పేగులో పత్తి గింజంత కండ ఒకటి దొరికింది. అలాంటివే కొన్నేళ్ళకు క్యాన్సరుగా మారతాయని చెప్పి, ఆ పైపుతోనే కత్తిరించి తీసేసింది. కోత లేదు, కుట్టు లేదు. సాయంత్రానికి లేచి నడిచాడు. ఇంతేనా! దీనికా తను ఏడాది దాక్కున్నది?

హసన్‌బీది గింజంతటితో ఆగలేదు. మర్నాడు కర్నూలులో పైపు వేస్తే ఎడమ వైపు పేగులో నిమ్మకాయంత గడ్డ కనిపించింది. ముక్క తీసి పంపితే క్యాన్సరనే వచ్చింది. వేరే చోటికి పాకలేదని స్కానులో తేలింది. ఆపరేషను చేస్తే నయమయ్యే అవకాశం బాగానే ఉందని డాక్టరు చెప్పింది. మజ్జిగ తాగుతూ ఇంకో ఆరు నెలలు గడిపి ఉంటే ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదని కూడా చెప్పింది.

ఆపరేషనుకు ముందు రెండు రోజులు మొగుడూ పెళ్ళాలిద్దరూ షాహిస్తా ఇంట్లోనే ఉన్నారు. హసన్‌బీ మొగుడితో మాట్లాడడం మానేసింది. ఆయన అన్నం పెడితే తింటుంది, మందు ఇస్తే మింగుతుంది, ముఖం మాత్రం చూడదు. రెండో రోజు మధ్యాహ్నం ఉన్నట్టుండి నోరు తెరిచింది.

"నీకు బయమైతే నాకు సెప్పొచ్చు కదా. ఇద్దరం కలిసి బయపడుతుంటిమి."

బడే సాబ్‌కు ఆమె తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

అప్పుడే ఫోను మోగింది. హొళగుంద నుంచి దస్తగిరి. బడే సాబ్ ఫోను స్పీకరులో పెట్టాడు. వదినకు ఎలా ఉందని అడిగాడు, అయ్యో అన్నాడు, అల్లా సల్లగా సూస్తాడన్నాడు. "నేనూ సేయించుకోవాల్లేన్నా. ఈ పత్తి ఒక్కటి తీపించేసి వస్తా" అన్నాడు.

హసన్‌బీ చెయ్యి చాచి ఫోను లాక్కుంది.

"దస్తగిరీ, పత్తి యాడికీ పోదు. రేపు పొద్దున ఫస్టు బస్సుకు ఎమ్మిగనూరు రా. షాహిస్తా రాయిస్తాది, పైపు వేయించుకో. ఎవురిదో మచ్చు తెచ్చేవు సుమా. నీ కడుపు నువ్వే తెచ్చుకో."