అమ్మ పేరు కింద నంబరు

మా ఊరి గ్రంథాలయంలో పేటెంట్ల విభాగానికి ఇరవై రెండేళ్లుగా నేనే దిక్కు. ఒహాయోలో ఏ ఇంట్లో చూసినా ఏదో ఒకటి కనిపెట్టిన తాత ఒకాయన ఉంటాడు. మనవలు వచ్చి, కారు అద్దం తుడిచే పుల్ల మా తాతదే, కంపెనీవాడు కాజేశాడు అంటారు. వెతికితే ఏమీ ఉండదు. అప్పుడు తాత మీద కాదు, నా మీద అలుగుతారు. అందుకే ఆ గురువారం ఉదయం స్టకీ అక్కాతమ్ముళ్లు మెట్ల మీదే దెబ్బలాడుకుంటూ లోపలికి రావడం చూసి నాకు ఒళ్లు మండింది.

అక్క ఆర్లిస్‌కి ఎనభై ఒకటి. తమ్ముడు వెండెల్‌కి డెబ్భై ఏడు. నలభై ఏళ్లు ప్లంబరు పని చేసి మానేశాడు. వాళ్లమ్మ ఐడా కిందటి చలికాలంలో నూట మూడో ఏట పోయింది. భార్యాభర్తలిద్దరికీ ఒకే సమాధిరాయి. తండ్రి పేరు కింద 'ప్లంబరు' అని ఎప్పుడో చెక్కారు, తల్లి పేరు కింద ఖాళీ. అక్కడ 'ఇన్వెంటర్' అని చెక్కించాలని ఆర్లిస్ పట్టు. సమాధి మీద అబద్ధం రాయనివ్వనని వెండెల్ మొండిపట్టు. ఏ సంగతీ శనివారంలోగా చెప్పకపోతే పని వసంతం దాకా ముట్టుకోనన్నాడట రాయి చెక్కేవాడు.

ఆర్లిస్ సంచిలోంచి ఒక చెక్కదిమ్మ తీసి నా బల్ల మీద పెట్టింది. దానికి మందపాటి గుడ్డ పట్టీ ఒకటి ఉచ్చులా బిగించి ఉంది. పక్కన 'పేటెంటుకు దరఖాస్తు పెట్టాము' అని కాల్చిన అక్షరాలు.

"డోరీన్," అంది నాతో, "అమ్మ దీన్ని వంటింటి గోడ అలమర అడుగున బిగించింది. సీసా మూత ఇందులో దూర్చి తిప్పితే చాలు, ఎంత బిగుసుకున్నా ఊడొచ్చేస్తుంది. దీంతో ఎన్ని వేల పీచ్ పళ్ల సీసాలు తెరిచామో!"

"దరఖాస్తు ఎవడైనా పెడతాడక్కా. ఇచ్చారా లేదా, అదీ సంగతి," అన్నాడు వెండెల్. తర్వాత నా వైపు తిరిగాడు. "నా లైసెన్సు నంబరు ఇప్పటికీ రాష్ట్రం రిజిస్టర్లో ఉంది. ఎవరైనా చూసుకోవచ్చు. నలభై ఏళ్లు వ్యాను మీద రాయించుకుని తిరిగా. రిజిస్టర్లో లేకపోతే లేనట్టే."

"వీడింతే. నంబరు చూపించకపోతే అమ్మ పాలిచ్చిందన్నా నమ్మడు," అంది ఆర్లిస్.

అంత పాతవి కంప్యూటర్లో పేరు కొడితే సరిగా దొరకవు. ఏడాదికొకటి చొప్పున ఉన్న లావుపాటి పేర్ల పుస్తకాలు తిరగెయ్యాలి. ఎప్పుడు చేసిందని అడిగాను.

"యాభై నాలుగులో. కొత్తింటికి మారిన ఏడు. ఆ ఇంటి అలమర కింద అది నా కళ్లకు కట్టినట్టుంది," అంది ఆర్లిస్.

యాభై నాలుగు నుంచి అరవై దాకా చూశాం. స్టకీలు ముగ్గురు తగిలారు, అందులో ఒకాయనది కోళ్లకు మేత పెట్టే తొట్టి. ఐడా మాత్రం లేదు. పుట్టింటి పేరు బ్రంక్ కింద చూసినా లేదు.

"చెప్పానా?" అని వెండెల్ కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

ఆర్లిస్ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నూట మూడేళ్లు బతికింది. నాన్న పక్కన ఆ ఖాళీ నేను చూడలేను," అంది మెల్లగా.

ఆవిడ మీద జాలేసింది. ఆయన నవ్వు చూస్తే అంతకు రెట్టింపు కోపమొచ్చింది. పేరు సంగతి వదిలేసి, ఏ రకం వస్తువులు ఆ రకం కింద ఉండే జాబితా తీశాను. వంటింటి సామాను మొత్తం గాలించాను. లేదు. చెక్కదిమ్మని చేతిలో అటూ ఇటూ తిప్పి చూస్తుంటే అప్పుడు తట్టింది. పేటెంటు ఆఫీసువాళ్లు ఒక వస్తువుని ఎక్కడ వాడతారన్నది పట్టించుకోరు, అది ఎలా పని చేస్తుందన్నదే చూస్తారు. ఇన్నేళ్ల ఉద్యోగం వెలగబెట్టి ఈ ముక్క నాకే గుర్తు రాకపోవడం సిగ్గుచేటు.

"వెండెల్, నిగనిగలాడే గొట్టాన్ని గీత పడకుండా తిప్పాలంటే దేంతో తిప్పుతారు?"

"గుడ్డ పట్టీ రెంచీతో. ఇనపదైతే దాని పళ్లు దిగి గొట్టం పాడై..." మాట మధ్యలో ఆగిపోయాడు. చెక్కదిమ్మ వైపు చూశాడు.

ప్లంబర్ల రెంచీల మధ్య దొరికింది. ఇచ్చినది 1950 మార్చిలో, దరఖాస్తు 1948లో. ఐడా బి. స్టకీ. నంబరు కొడితే కంప్యూటర్లో బొమ్మతో సహా వచ్చింది. అదే దిమ్మ, అదే పట్టీ. పాతింట్లోంచి ఊడదీసి కొత్తింటికి తెచ్చుకున్నారన్నమాట. మేము ఆ సంవత్సరాల పుస్తకాలు ముట్టుకోనే లేదు.

ఆర్లిస్ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెండెల్ కళ్లజోడు పెట్టుకుని తెర దగ్గరికి జరిగాడు. ఆ వస్తువు ఎందుకు అవసరమైందో కూడా పేటెంటులో రాస్తారు. ఆ ముక్క ఆయనే పైకి చదివాడు.

"'ఒక చెయ్యి మాత్రమే ఖాళీగా ఉన్నవారికి ఈ పరికరం ఉపయోగపడును. ఉదాహరణకు, కింద దింపితే ఏడ్చే పసిబిడ్డను రెండో చేత్తో ఎత్తుకుని వంట చేసుకొను తల్లికి.'"

నలభై ఎనిమిదిలో ఆ ఇంట్లో పసిబిడ్డ ఒక్కడే.

ఆర్లిస్ గ్రంథాలయం దద్దరిల్లేలా నవ్వింది. నేనూ ఊరుకోమనలేదు. "ఒరేయ్, నువ్వు చంక దిగని వెధవ్వని ప్రభుత్వమే ముద్ర గుద్ది దాచిపెట్టిందిరా!"

వెండెల్ నవ్వలేదు. కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"దింపితే ఏడ్చేవాణ్ణా అక్కా?"

"వీధి చివరిదాకా వినపడేది."

నా ఫోన్ నుంచే రాయి చెక్కేవాడికి ఫోన్ చేశాడు. "అవునయ్యా, ఇన్వెంటర్. దాని కింద నంబరు కూడా చెక్కు. ఏడంకెలూ. ఒక్కటి తప్పినా ఊరుకోను."

"సమాధి మీద నంబరేమిట్రా, ఖైదీకి వేసినట్టు?" అంది ఆర్లిస్.

"ఉండాలక్కా. ఎవరైనా చూసుకోవచ్చు."

పేటెంటు కాపీలు రెండు తీసిచ్చాను. ఆర్లిస్ దిమ్మని సంచిలో పెట్టబోయింది. వెండెల్ ఆవిడ చేతిలోంచి అందుకుని, చంకన పెట్టుకుని, రెండో చేత్తో రెయిలింగు పట్టుకుని జాగ్రత్తగా మెట్లు దిగాడు.