కోటు లోపలి కుట్లు

అక్క నీలం కోటు అయిదోసారి నా బల్ల మీదికి వచ్చింది. రైలు టిక్కెట్ల కౌంటరులో కూర్చునేవాళ్లు వేసుకునే కోటు అది. మూడేళ్ల కిందట కుట్టింది నేనే. అప్పుడు భుజాలు రెండూ గీత గీసినట్టు కూర్చున్నాయి, వీపు మీద ఒక్క ముడత లేదు. ఆ తరవాత నాలుగుసార్లు పక్క కుట్లు లోపలికి తీసుకున్నాను.

"మళ్లీ వదులైందా?" అన్నాను.

"అయిందిరా. నిన్న మా పెద్దసారు, ఈ కోటు మీదా, మీ ఆయనదా అని అడిగాడు."

"గుడ్డ సాగింది. పాతబడితే సాగుతుంది."

ఆ మాట నమ్మే అన్నాను. రోజంతా కుర్చీకి ఆనుకుని కూర్చునేవాళ్ల కోట్లు వీపు దగ్గర నిజంగానే సాగుతాయి.

ఆమె అద్దం ముందు నిలబడి చేతులు చాచింది. నేను వెనక నిలబడి వదులుగా ఉన్న చోట రెండు వేళ్లతో పట్టుకున్నాను. ముప్పావు అంగుళం. పిన్నులు గుచ్చాక కోటు మళ్లీ నడుము పట్టింది. అద్దంలో చూసుకుని సంతోషించాను. ఆ అద్దంలో నేను చూసేది ఎప్పుడూ మెడ కింది నుంచే.

"ఇప్పుడు ఒంటికి అతికినట్టుంది," అంది అక్క. "నువ్వు పెళ్లి చేసుకుని ఉంటే ఈ చెయ్యి ఇంట్లో కూడా పనికొచ్చేది."

"పిన్ను గుచ్చుకుంటుంది, కదలకు."

కోటు విప్పి కుర్చీ మీద వేస్తూ ఆమె కుర్చీ వీపు పట్టుకుని ఆగింది. కాసేపు అలాగే ఉంది. ఏమిటని అడిగితే, పొద్దున తిన్నది అరగలేదంది. నేను పిన్నులు లెక్కచూసుకుంటూ, వేడినీళ్లు తాగమన్నాను.

మూడోరోజు కౌంటరులోనే పడిపోయింది.

*

ఆసుపత్రి మూడో అంతస్తులో డాక్టరమ్మ మా ముగ్గుర్నీ కూర్చోబెట్టింది. అక్క, బావ, నేను. కడుపులో గడ్డ ఉందని అప్పటికే తెలుసు. వెనక దీపం వెలిగే పలక మీద ఫిల్ములు తగిలించి, పెన్ను మూతతో చూపించింది.

"ఇది ఇక్కడే ఉందా, పక్కకి పాకిందా అన్నది ఇందులో తేలట్లేదు. ఈమధ్య మొదలైందైతే కోసి తీసేద్దాం. చాలాకాలంగా ఉన్నదైతే పాకే ఉంటుంది. అప్పుడు కోస్తే లాభం లేదు, ఉన్న బలం ఆ గాయం మానడానికే పోతుంది. ఒళ్లు తగ్గడం ఎప్పటినుంచి?"

"రెండు నెలలండీ," అంది అక్క.

బావ ఆమె ఆఫీసు గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకు మా షాపున్న వీధిలోనే ఫోటో స్టూడియో ఉంది. "ఆర్నెల్ల కిందట నేనే తీశానండీ. చూడండి, ఎంత కళగా ఉందో."

డాక్టరమ్మ ఫోటో దగ్గరగా చూసి, కాగితం మీద ఏదో రాసుకుంది. తరవాత నా వైపు తిరిగింది. "మీరు?"

"తమ్ముణ్ని."

"మీరేమైనా గమనించారా?"

"లేదండీ."

అది అబద్ధం కాదు. ఒళ్లు తగ్గడమనే ఆ మాటకూ, నా బల్ల మీద పిన్నులతో పడి ఉన్న కోటుకూ సంబంధం ఉందని ఆ గదిలో నాకు తట్టలేదు. ఆమె నన్ను కోటు వదులైందా అని అడిగి ఉంటే తేదీలతో సహా చెప్పేవాణ్ని. ఇంటికి వెళ్లే దారిలో కూడా తట్టలేదు. సాయంత్రం షాపు తెరిచి, మిగిలిన పని ముగిద్దామని కోటు లోపలివైపుకు తిప్పినప్పుడు తట్టింది.

నేను పాత కుట్టు విప్పను. దాని పక్కన కొత్తది వేస్తాను, లోపలున్నది ఎవరికీ కనిపించదు కాబట్టి. అసలు కుట్టు కాక రెండు పక్కలా నాలుగేసి వరసలున్నాయి. మొదటిది నీలం దారం. రెండోది నల్లదారం, ఆ నెల నీలం ఉండ అయిపోయింది. మూడోదానికి కాఫీరంగు దారం, బడిపిల్లల యూనిఫాంలు కుట్టిన రోజుల్లోది. నాలుగోది మళ్లీ నీలమే కానీ వేరే కంపెనీది, కాస్త పచ్చగా కొడుతుంది. దారాలను బట్టి నెలలు చెప్పగలను. మొదటి వరస వేసి పదిహేడు నెలలు. వరసకూ వరసకూ నడుమ దూరం కూడా పెరుగుతూ వచ్చింది. మొదట పావు అంగుళం, చివర ఈ పిన్నుల దగ్గర ముప్పావు.

కోటు బల్ల మీద పరిచి స్టూలు మీద కూర్చున్నాను.

నా దగ్గరికి వచ్చే మనుషులను నేను మనుషులుగా గుర్తుపెట్టుకోను. వీధిలో ఒకాయన ఎదురైతే 'కుడి భుజం అరంగుళం కిందికి' అని లోపల అనుకుంటాను, పేరు తరవాతెప్పుడో వస్తుంది. ఒకాయనకు గూని పెరుగుతుంటే నాకు అది వీపు గుడ్డ పొడవు. కోటు ఒంటికి పట్టేలా చేయడం ఎలా అన్నది ఒక్కటే ఆ అద్దం ముందు నా తలలో ఉండే ప్రశ్న. పదిహేడు నెలలపాటు దానికి సరైన జవాబే చెప్పాను. ఆమె ఎందుకు చిక్కిపోతోంది అన్న ప్రశ్న బయట వీధిలో నన్ను పట్టుకుని ఉండేదేమో. షాపు గడప దాటి లోపలికి రాలేదు.

అలా అనుకుంటే కొంచెం ఊరట కలిగింది. ఆ ఊరట చూసి నాకు నా మీదే అసహ్యం వేసింది.

*

సగం దించిన షట్టరు కిందనుంచి వంగి బావ లోపలికి వచ్చాడు.

"తిన్నావా?"

"లేదు. మీరు?"

ఆయన బల్ల మీద పరిచి ఉన్న కోటు చూశాడు. నేను వేలితో ఒక్కో వరసా చూపించాను. ఆయన వేరే ఏమీ అడగలేదు. "ఎన్ని నెలలు?" అన్నాడు.

"పదిహేడు."

"డాక్టరమ్మకి చూపించకు."

"బావా..."

"రెండు నెలలనుకునే కదా కోస్తానంటోంది. కొయ్యనీ. ఇది తీసుకెళ్లి ఆవిడ ముందు పరిస్తే మందులు రాసి ఇంటికి పంపించేస్తుంది. ఏం బావుకుంటావు?"

"పాకి ఉంటే కోసి లాభం లేదందిగా."

"ఉంటే కదా. పాకిందని నీ దారాలు చెప్పాయా? నువ్వు దర్జీవా, డాక్టరువా?"

"ఆ కార్డు మీది ఫోటో..." అన్నాను.

బావ కత్తెర తీసుకుని తెరిచాడు, మూశాడు. "కళ్ల కింద నలుపు తీసేశాను. బుగ్గల దగ్గర గుంటలున్నాయి, నీడ పడుతోంది, అదీ తీసేశాను. పావుగంట పని. పెళ్లాం మొహమని కాదు. మొహం ముందుంటే తీసేస్తాను. ఎవరిదైనా అంతే."

"ఏదీ తీసేయని ఫోటో ఉందా?"

"ఉంది."

"చూశారా?"

"ఇప్పుడే చూసి వస్తున్నా."

కత్తెర బల్ల మీద పెట్టేశాడు. చూపించమనీ అనలేదు, మళ్లీ వద్దనీ అనలేదు. కోటు చేతిని ఒకసారి పట్టుకుని వదిలి, వచ్చినట్టే వంగి వెళ్లిపోయాడు.

*

మరునాడు పొద్దున కోటు సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. అది ధైర్యమని చెప్పలేను. పాకి ఉంటే, తెలిసి తెలిసీ అక్క కడుపు ఊరికే కోయించినవాణ్నవుతానన్న భయం ఒకటి. ఆ కోటును కోటుగా చూడని మనిషి ఒకసారి చూడాలన్న కోరిక ఇంకొకటి.

డాక్టరమ్మ మొదట అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక లేచి, ఫిల్ములు తీసేసి, కోటును తిప్పి ఆ వెలిగే పలక మీద ఆనించింది. పెన్ను మూతతో వరసలు ఒక్కొక్కటీ తాకుతూ, "ఇది ఎప్పుడు? మరి ఇది?" అని అడిగి తేదీలు వేసుకుంది. కాగితం మీద చుక్కలు పెట్టి కలిపింది. గీత మొదట నెమ్మదిగా వంగి, తరవాత కిందికి జారింది.

"పదిహేనేళ్లలో ఇంత కచ్చితమైన రికార్డు నా దగ్గరికి ఎవరూ తేలేదు," అంది. కళ్లు మెరుస్తున్నాయి. పక్కగదిలోంచి చిన్న డాక్టరును పిలిచింది. "చూడు, ఎంత శుభ్రంగా ఉందో."

ఆయన వంగి చూశాడు. "ఈ వరస కొంచెం వంకరగా ఉందే?" అన్నాడు.

"మా మిషనుకి అప్పుడు బెల్టు వదులైందండీ. మిగతావన్నీ తిన్నగానే ఉంటాయి, చూడండి," అన్నాను నేను. నా గొంతులో గర్వం నాకే వినపడింది. ముగ్గురం ఎవరి పనిలో వాళ్లం మునిగి ఉన్నాం. అక్క అదే అంతస్తులో, నాలుగు గదుల అవతల పడుకుని ఉంది.

డాక్టరమ్మే ముందు తేరుకుంది. పలక వెనక దీపం ఆర్పి, కోటు మడిచి నా చేతికిచ్చింది. మామూలు మనుషులు మాట్లాడే గొంతుతో, "కోత వద్దండీ," అంది. "మందులిద్దాం. నొప్పి లేకుండా చూద్దాం. ఆవిడతో నేను చెప్తాను."

ఎన్నాళ్లని నేను అడగలేదు.

*

బావ నాతో మాట్లాడడం మానేశాడు. నేను వెళ్లేసరికి మంచం దగ్గరనుంచి లేచి నడవాలోకి వెళ్లేవాడు. నాలుగోరోజు అక్క నన్ను ఆ కుర్చీలోనే కూర్చోమంది.

"కోటు చూపించావటగా."

"ఆఁ."

"అంటే నీకు తెలుసన్నమాట. పదిహేడు నెలలనుంచీ."

"కోటు చూశానక్కా," అన్నాను.

ఆమె పైకప్పు వైపు తిరిగింది. తరవాత, "మీ బావ ఒకసారి నా కౌంటరుకి వచ్చాడు, చెప్పానా?" అంది.

"లేదు."

"అద్దం కింది సందులోంచి చెయ్యొచ్చింది. రెండు టిక్కెట్లు ఇచ్చాను. చిల్లర లేదు, పక్కకి జరగండి అన్నాను. జరగలేదు. ఏమయ్యా, వినపడదా, వెనక ఇంతమంది ఉన్నారు అన్నాను. అప్పుడు, నేనేనే అన్నాడు. పెళ్లయి పదకొండేళ్లురా అప్పటికి. ఆ చేతికి నేను కొనిచ్చిన వాచీయే ఉంది."

నవ్వింది. నవ్వు కడుపు దగ్గర పట్టేసి, మొహం ముడుచుకుని ఆగింది. నేనూ నవ్వబోయి ఆగాను.

"ఇది చెప్పానని నీ మీద కోపం లేదనుకోకు," అంది. "ఉంది. కొన్నాళ్లుంటుంది. ఉన్న కొన్నాళ్లలో కొన్ని దానికే పోతాయి, ఏం చేస్తాం."

"బావ మీద?"

"ఆయన ఫోటోలో బాగానే ఉన్నాను కదరా." దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. "ఒకరోజు కౌంటరుకి వెళ్లాలి. తాళాలు, ముద్రలు నా చేత్తో నేనే అప్పజెప్పాలి. ఆ కోటు వేసుకునే వెళ్తాను. సంచి తగిలించుకున్నట్టు ఉండకూడదు."

*

మూడు వారాల తరవాత బావ ఆమెను నడిపించుకుని షాపుకు తెచ్చాడు. తను లోపలికి రాకుండా గుమ్మం బయట వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

ఈసారి పక్కలే కాదు, భుజాలూ తీయాలి. కోటు వేసుకోగానే అక్క ముందుకు వంగింది.

"బరువుగా ఉందిరా. లోపల ఏం దాచావు?"

"మిగులు గుడ్డ. మళ్లీ వదులు చేయాల్సి వస్తే..."

"కత్తిరించెయ్."

నేను ఎవరి కోటులోనూ లోపలి గుడ్డ తీసేయలేదు. మనిషి మళ్లీ ఒళ్లు చేస్తాడన్న లెక్క మీదే దర్జీ గుడ్డ వదులుతాడు. కత్తెర పట్టుకుని నిలబడ్డాను. "ఊఁ, కానియ్, నిలబడలేను," అంది. కోటు విప్పించి, కొత్త వరసలు వేసి, అంచు వెంట కత్తిరించాను. నీలం, నలుపు, కాఫీరంగు, పచ్చగా కొట్టే నీలం వరసలున్న పేలికలు రెండు బల్ల మీదినుంచి నేల మీదికి జారాయి.

మళ్లీ తొడిగాను. భుజాలకు పిన్నులు గుచ్చడానికి అద్దం ముందు నిలబెట్టాను. పిన్నులు నోట్లో ఉన్నాయి. ఎందుకో తల పైకెత్తాను. అద్దంలో ఆమె మొహం ఉంది. కళ్ల కింద నలుపు, కణతల దగ్గర ఎముక, ఎండిన పెదవులు. ఎడమ కనుబొమలో చిన్నప్పుడు నేను విసిరిన పలక తగిలిన గాటు. అది ఇంకా అక్కడే ఉందని నాకు తెలియదు. ఆమె అద్దంలోంచి నన్నే చూస్తోంది. ఎంతసేపటినుంచి చూస్తోందో. ప్రతిసారీ ఇలాగే చూస్తూ ఉండేదేమో.

నా వేళ్లు వాటి దారిన అవి పిన్నులు గుచ్చాయి. వాటి వైపు చూడలేదు. తరవాత కోటు విప్పించి, మిషను మీద ఆ పిన్నుల వెంటే కుట్టుకుంటూ పోయాను.

అక్క కోటు మళ్లీ వేసుకుని పక్కకి తిరిగి చూసుకుంది.

"ఎడమ భుజం పైకి లేచిందిరా."

లేచింది. ఈ పనిలోకి వచ్చాక ఇంత చెడ్డ కుట్టు నా చేతిలోంచి బయటికి పోలేదు. విప్పి మళ్లీ వేస్తానని నోటిదాకా వచ్చింది. వేస్తే మళ్లీ భుజాన్నే చూడాలి.

"లేవనీలే అక్కా," అన్నాను.

ఆమె ఇంకోసారి అద్దంలో చూసుకుని, ఊఁ అంది.

బావ చెయ్యి అందించడానికి లోపలికి వచ్చాడు. ఆ భుజం చూడగానే ఆయన చెయ్యి సరిచేయడానికి లేచింది. మధ్యలో ఆగింది. ఆ చెయ్యి కిందికి దించి అక్క మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ మెట్టు దిగి ఎండలోకి వెళ్లారు. వీధి మలుపు తిరిగేదాకా ఆ వంకర భుజం నాకు కనిపిస్తూనే ఉంది.