క్లచ్ లేని బండి

చివరి బోల్టు దగ్గర పానా ఒకసారి జారింది. ఆమోసు దాన్ని మళ్లీ పట్టించి, మోచేతిని గోనెసంచి మీద ఆనించి అర చుట్టు బిగించాడు. ఇంకో పావు చుట్టు తిప్పాలనిపించింది గాని తిప్పలేదు. ఎక్కడ ఆపాలో ఆ చేతికి తెలుసు. పాతికేళ్లుగా బండ్ల కింద వెల్లకిలా పడుకుని అతను నేర్చుకున్న విద్యంతా అదే.

ఆమోసు గోదావరిఖనిలో బొగ్గుగనుల కంపెనీ బండ్ల గ్యారేజీలో ఫిట్టరు. వయసు యాభై నాలుగు. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. కుడి చెవి వెనక ఎప్పుడూ ఒక గ్రీజు మరక ఉంటుంది. ఆదివారం తెల్లచొక్కా తొడుక్కుని చర్చికి వెళ్లినా ఆ మరక కూడా వెంట వెళ్తుంది. భార్య మార్తమ్మ సబ్బుతో, సున్నిపిండితో, కిరసనాయిలుతో రుద్ది రుద్ది చివరికి చేతులెత్తేసింది. అతనితో పాటు బెల్లంపల్లిలో పనిలో చేరినవాళ్లు ఒకరిద్దరు ఫోర్‌మన్లయ్యారు. ఆమోసు ఫిట్టరుగానే ఉండిపోయాడు. అతనికి రిపోర్టు రాయడం చేతకాదు. బండి బాగయ్యాక దాని గురించి రాయడానికి ఏముంటుందో అతనికి ఎవరూ చెప్పలేకపోయారు.

ఇప్పుడు అతని మీద ఉన్న బండి మామూలుది కాదు. రామగుండంలో కరెంటు హౌసు కట్టడానికి వచ్చిన తెల్లదొరలు వెళ్తూ వెళ్తూ అమ్మేసిన పాత పికప్పు. స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. క్లచ్ లేదు. స్టీరింగు కింది మీటను ఒకసారి లాగితే చాలు, ఆ తర్వాత గేర్లు వాటంతట అవే మారుతుంటాయి. కంపెనీ దాని వెనక రేకు కప్పు వేయించి, స్ట్రెచరు పట్టేలా చేసి, గనిలో దెబ్బ తగిలినవాళ్లను దవాఖానకు చేర్చడానికి పెట్టింది. డ్రైవర్లెవరూ దాని జోలికి పోలేదు. చేతికి, కాలికి పని లేని బండి ఏం బండి అన్నారు. ఆర్నెల్ల పాటు అది గ్యారేజీలో అలిగిన అల్లుడిలా కూర్చుంది.

చివరికి దానికి రాయమల్లు దొరికాడు.

రాయమల్లుకు ఎడమ కాలు మోకాలి కింది నుంచి లేదు. ఒకప్పుడు లారీ తోలేవాడు. జీతం బాగుంటుందని గనిలోకి దిగాడు. అరవై ఎనిమిదిలో పైకప్పు పెళ్ల ఊడి కాలి మీద పడింది. కంపెనీ అతన్ని గనిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంపురూములో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కాలు పోయినప్పటికంటే ఆ కుర్చీలో కూర్చున్న మూడేళ్లలోనే అతను ఎక్కువ చిక్కిపోయాడు. క్లచ్ లేని బండి వచ్చిందని విని, చంక కర్ర పొడుచుకుంటూ గ్యారేజీకి వచ్చి, "అన్నా, గా బండికి ఒక్క కాలు చాలంట గద, నిజమేనా?" అని అడిగాడు. నిజమేనన్నాడు ఆమోసు. అప్పుడు ఆ మొహంలో వచ్చిన వెలుగును ఆమోసు ఈ ఆరేళ్లలో మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ బండి గేర్‌బాక్సు పోయింది. దాని లోపల వరసగా పేర్చిన బిళ్లలుంటాయి. వాటిమీది పూత కాలిపోయింది. ఆ బిళ్లలు ఈ దేశంలో ఎక్కడా దొరకవు. ఇంజనీరు సారు మంచివాడే, మూడు వారాలు ఓపిక పట్టాడు. ఇవాళ నడవకపోతే పాత జీపు గేర్‌బాక్సు ఎక్కించమన్నాడు. దాన్ని ఈ ఇంజనుకు అతికించే పళ్లెం లేతు షాపులో తయారై, మూలన కూర్చుని ఉంది. జీపు గేర్‌బాక్సు వస్తే ఎడమ కాలితో తొక్కే క్లచ్ పెడలు వస్తుంది. పెడలు వస్తే రాయమల్లు దిగిపోవాలి. ల్యాంపురూము కుర్చీలో ఎప్పుడో ఇంకొకరు కూర్చున్నారు. ఇక డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తారు, క్వార్టరు ఖాళీ చెయ్యాలి.

అందుకే ఆమోసు గ్యాస్కెట్లకు వాడే కార్కు షీటును ఇంటికి తెచ్చుకుని, మార్తమ్మ కత్తెరతో ముక్కలు కోసి, కాలిన బిళ్లలకు ఒక్కొక్కటే అతికించాడు. ఇది ఇల్లా గ్యారేజీయా అని మార్తమ్మ రోజూ అడిగింది. అడుగుతూనే జిగురు వెచ్చబెట్టి ఇచ్చింది.

అతని పట్టుదల వెనక ఇంకో సంగతి ఉంది. దాన్ని మార్తమ్మకు కూడా చెప్పలేదు. ఈ గేర్‌బాక్సుకు ఎర్రటి పలుచని నూనె పొయ్యాలి. దొరలు వదిలిన డబ్బాలు మూడేళ్ల కిందటే అయిపోయాయి. అప్పుడు ఆమోసు ఎవరినీ అడక్కుండా బొగ్గు కోసే యంత్రాల్లో పోసే నూనె తెచ్చి పోశాడు. పలుచగానే ఉంది కదా అనుకున్నాడు. బండి నడిచింది. నడుస్తోంది కదా అని పోస్తూనే ఉన్నాడు. ఇప్పుడు పెట్టె విప్పి చూస్తే ఆ నూనె ఏం చేసిందో కళ్ల ముందు కనిపించింది. తన చేత్తోనే తమ్ముడి లాంటి రాయమల్లు నోటి కాడి కూడు తీసేశాడు.

బండి కింది నుంచి పాకుతూ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఎక్కు తమ్మీ."

రాయమల్లు అప్పటికే తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మూడు వారాలుగా నడవని బండిని రోజూ తుడిచినవాడు. కర్రను పక్క సీటు మీద పడేసి, రెండు చేతులతో ఒళ్లు లేపుకుని సీట్లోకి జరిగాడు. ఇంజను పలికింది. మీట కిందికి లాగాడు. బండి కాసేపు ఉన్నచోటే వణికి, కదిలింది.

హెల్పర్లు కేకలు పెట్టారు. బండి నీళ్ల ట్యాంకును చుట్టింది, లేతు షాపు దాటింది, గేటు వైపు మళ్లింది. ఆమోసు దాని వెనక నడిచాడు, తర్వాత వయసు మరిచి పరుగెత్తాడు. "ఏసయ్యా, ఏసయ్యా" అంటున్నాడు. అద్దంలో రాయమల్లు మొహం కనిపించింది. చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. ఆ ఒక్క నిమిషం ఆమోసు బతుకంతా ధన్యమైనట్టే అనిపించింది.

గేటు ముందు చిన్న ఎత్తు ఉంది. అక్కడ ఇంజను రొద పెంచింది, బండి మాత్రం ముందుకు పోలేదు. మెల్లగా వెనక్కి జారింది. కార్కు కాలిన వాసన అందరికీ వచ్చింది.

నలుగురూ కలిసి దాన్ని లోపలికి తోశారు. రాయమల్లు స్టీరింగు పట్టుకునే ఉన్నాడు.

"సారును ఇంకో ఎనిమిది దినాలు అడుగుత," అన్నాడు ఆమోసు ఆయాసపడుతూ. "కార్కు గాదు, లారీ బ్రేకు లైనింగు పలుచగ గీకి ఏస్త. గది ఆగుతది. సారు నా మాట తీసెయ్యడు."

అది నిజమే. సారు ఇస్తాడు.

"అన్నా, మొన్న బుచ్చన్నను దవాఖానకు ఎట్ల తీస్కపోయిండ్రో ఎర్కేనా?"

ఆమోసు తల దించుకున్నాడు. అందరికీ తెలిసిన సంగతే.

"బొగ్గు లారీల. నడుమిరిగినోన్ని బొగ్గు లారీల ఏస్కపోయిండ్రు. గుంత గుంతకు మొత్తుకున్నడట. నన్ను గూడ గట్లనే తీస్కపోయిండ్రు గద. గా తొవ్వల ఎన్ని గుంతలున్నయో నాకు గప్పుడే తెల్సింది." స్టీరింగు మీద అరచేత్తో ఒకసారి రాసి చెయ్యి తీసేశాడు. "ఎనిమిది దినాలల్ల ఎంతమందికి దెబ్బ తాకుతదో ఎవనికి ఎర్క? జీపు గేర్లు ఎక్కియ్యి. రేపటికి బండి ఉండాలె."

"మరి నువ్వు?"

"నాకేంది? కాసిపేట కాడ మా అక్క పూలమ్మ ఉన్నది. రెండు బర్లున్నయి ఆమెకు. బర్లకు క్లచ్ ఉండది గద."

హెల్పర్లు నవ్వారు. ఆమోసుకు నవ్వు రాలేదు.

"తమ్మీ, గా నూనె..." అని మొదలుపెట్టాడు. "ఎర్ర నూనె అయిపోయినంక నేనే..."

"ఎర్కే అన్నా. గప్పుడే వాసన మారింది. నువ్వు గది పొయ్యకపోతె బండి మూడేండ్ల కిందనే ఆగేది. మూడేండ్లు తోలిన నేను. ఇంకేం గావాలె?"

ఇంత తేలిగ్గా క్షమిస్తే మనిషికి ఎక్కడ దాక్కోవాలో తెలియదు. ఆమోసు మళ్లీ బండి కిందికి దూరాడు.

మధ్యాహ్నానికి దొరల పెట్టె కిందికి దిగింది. చైన్ కప్పీతో జీపు గేర్‌బాక్సును లేపి, పళ్లెం పెట్టి, సాయంత్రానికి బిగించారు. ఆ మధ్యలో ఒకసారి, ఒక్క బోల్టు వదులుగా ఉంచితే చాలు కదా, వారంలో బండి ఆగుతుంది కదా అన్న పాడు ఆలోచన ఆమోసుకు వచ్చింది. రావడమే గాని చెయ్యి వినలేదు. అన్ని బోల్టులూ ఎప్పటిలాగే బిగించింది. చివరికి క్లచ్ పెడలు పెట్టి, చేత్తో నొక్కి చూసి, క్లచ్ సరిగ్గా పట్టడానికి ఉండాల్సిన అంగుళం వదులు పైన ఉంచాడు. తన జీవితంలో చేసిన మంచి పనుల్లో అది ఒకటి. అందుకు తన చేతులను తానే తిట్టుకున్నాడు.

పొద్దు వాలుతుండగా డ్రైవరు మొగిలి వచ్చాడు. రేపటి నుంచి ఆ బండి అతనిదే. ముందు సంకోచించి, రాయమల్లు రమ్మన్నాక స్టీరింగు ముందు కూర్చున్నాడు. రాయమల్లు కర్ర ఒళ్లో పెట్టుకుని పక్క సీట్లో సర్దుకున్నాడు.

"దవాఖాన దాక పోయొద్దాం. తొవ్వ చూపిస్త. అన్నా, నువ్వు ఎనుక స్ట్రెచరు మీద పండుకో. గుంతలు ఎట్ల తాకుతయో చెప్పు."

ఆమోసు కాదనలేక పడుకున్నాడు. తాను బాగుచేసిన బండిలో అతను ఎప్పుడూ అలా ప్రయాణం చెయ్యలేదు. రేకు కప్పును చూస్తూ, చిన్న కిటికీలోంచి వచ్చే రాయమల్లు గొంతు వింటూ వెళ్లాడు.

"ఈడ మెల్లగ తమ్మీ. రెండో గేరుకు రా. కల్వర్టు ఒస్తది, కుడి చక్రం అంచుకు ఎక్కియ్యి... క్లచ్ జల్ది ఇడువకు, లోపటోడు ఎగిరి పడుతడు... గిప్పుడు పోనియ్యి... మల్ల ఆగు, గీ గుంత కండ్లకు కనపడది, ఒంటికే తెలుస్తది."

ఒక్కొక్క గుంతనూ పేరుపేరునా అప్పగిస్తున్నాడు. ఆమోసుకు ఏ కుదుపూ గట్టిగా తగల్లేదు. కళ్ల నీళ్లు మాత్రం చెవుల్లోకి కారాయి, తుడుచుకోలేదు.

"ఎట్లున్నదన్నా?" అని ముందు నుంచి అడిగాడు రాయమల్లు.

"మంచిగున్నది," అన్నాడు ఆమోసు.

ఆ నెల తిరక్కముందే డాక్టర్ల కాగితం వచ్చింది. రాయమల్లు ఎవరికీ చెప్పలేదు. ఆమోసు మొదటి షిఫ్టులో ఉన్నప్పుడు వాళ్ల ఇంటికి వచ్చి, క్వార్టరు తాళంచెవి మార్తమ్మ చేతికిచ్చి, ఆఫీసులో అప్పజెప్పమని చెప్పి, మంచినీళ్లు తాగి పదిన్నర బస్సుకు వెళ్లిపోయాడట. అన్న వచ్చేదాకా ఆగమని మార్తమ్మ బతిమాలితే, ఆగితే పోబుద్ధి కాదన్నాడట.

సాయంత్రం ఆఫీసుకు వెళ్లే ముందు ఆమోసు ఆ క్వార్టరు తలుపు తీశాడు. గది ఊడ్చి ఉంది. పొయ్యి అలికి ఉంది. కుండ బోర్లించి ఉంది. గోడలో ఉన్న గూటి ముందు అతను ఆగిపోయాడు. కంపెనీ డ్రైవరుకు ఏటా ఒక జోడు బూట్లిస్తుంది. స్టోర్సులో జోడు విడదీసి ఇవ్వరు. గూట్లో ఆరు బూట్లు వరసగా పెట్టి ఉన్నాయి. అన్నీ ఎడమ కాలివే. అన్నింటికీ తాజాగా పాలిషు పట్టించి ఉంది.