కురచైన తుపాకీ

తుపాకీ పేల్చగానే ఎన్సియోకు అనుమానం వచ్చింది. పెళ్ళినాటి నుంచి వాడుతున్న తుపాకీ అది. ఇప్పుడు పేల్చినప్పుడల్లా తన బొటనవేలే వచ్చి తన ముక్కును గుద్దుతోంది.

మా ఫిన్లాండ్ పల్లెల్లో దుప్పి వేటకు దిగాలంటే ముందు గురి పరీక్ష నెగ్గాలి. నిరుడు ఎన్సియో తప్పాడు. తప్పు తనది కాదట, చెమ్మకు కొయ్య ఉబ్బి గొట్టాన్ని పక్కకు నెట్టిందట. ఈ ఏడు కూడా ఆ ఇంటి నుంచి ఎవరూ నెగ్గకపోతే, చిత్తడి నేల అంచున దుప్పి కోసం కాపు కాసే తాతలనాటి చోటు వేరేవాళ్ళ పాలవుతుంది. అందుకే తుపాకీని చిన్ననాటి స్నేహితుడు, తుపాకుల మేస్త్రి ఉర్పోకు అప్పగించాడు. ఉర్పో ఇనుము కదలకుండా కొయ్యలో జిగురు పోసి పీఠం కట్టాడు. గొట్టం కింద కాగితం జారేంత సందు వదిలాడు. అంతవరకు బాగానే ఉంది. మరి భుజానికి ఆనే మడమ ఎందుకు పొట్టిదయింది?

ఇంకో సంగతి కూడా మనసును కెలుకుతోంది. కొన్నాళ్ళుగా భార్య సిర్కా కోటు జిగురు వాసన వేస్తోంది. అడిగితే చర్చిలో పాటల సాధన అంటుంది. పాటలు పాడేవాళ్ళకు జిగురెందుకు?

శనివారం తుపాకీ పట్టుకుని ఉర్పో షెడ్డుకు వెళితే ముంగిట సిర్కా సైకిలు ఉంది. ఎన్సియోకు ఒళ్ళు మండిపోయింది.

లోపల బల్ల మీద రెండు కాఫీ కప్పులున్నాయి. ఉర్పో ఒక్కడే కూర్చున్నాడు.

"ఏరా, నా తుపాకీ మడమ ఏం చేశావ్?"

"కోశాను."

"ఎవర్నడిగి?"

"మీ ఆవిణ్ణి అడుగు. నన్ను మధ్యలో ఇరికించకండి."

"అడగడానికి మనిషి ఇంట్లో ఉంటేగా. నీ దగ్గరే కాపురం పెట్టినట్టుంది."

వెనక తలుపు తీసుకుని సిర్కా వచ్చింది. "కొలత నాది," అంది. "పరీక్షకి నా పేరిచ్చాను."

"నువ్వా? నా చోట్లోనా?"

"మన చోట్లో. నిరుడు నీ వెనకే నించున్నాను ఎన్సియో. కొయ్య ఉబ్బలేదు."

"ముందే చెప్పొచ్చుగా."

"చెబితే వినే మనిషివా నువ్వు?"

ఆమె అతని చేతిలోంచి తుపాకీ తీసుకుని షెడ్డు వెనక గురి చూసే చోటికి నడిచింది. తూటా ఎక్కించే బోల్టు లాగి లాగి మూడుసార్లు పేల్చింది. ఎన్సియో కళ్ళు చికిలించి దూరాన ఉన్న అట్ట దుప్పిని చూశాడు. ఎక్కడా చిల్లు కనబడలేదు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఒక్కటీ తగల్లేదు," అన్నాడు నవ్వుతూ. "చూశారా, కోసి పాడుచేశారు."

ఉర్పో నేలచూపులు చూశాడు. సిర్కా బోల్టు తెరిచి తుపాకీని కింద పెట్టింది. ఎన్సియో చెయ్యి పట్టుకుని అట్ట దాకా నడిపించింది. దుప్పి గుండె ఉన్నచోట మూడు దెబ్బలూ కలిసిపోయి ఒకే చిల్లు పడి ఉంది. ఆమె అతని చూపుడు వేలిని అందులో పెట్టింది.