మెషీన్ల రోగం మోసినవాడు

చూశారా లేదా? నసగకుండా సూటిగా చెప్పండి. సోమవారం పొద్దున మొదటి షిఫ్టు గంట కొట్టేసరికి రేకులు వంచే మూడో నంబరు ప్రెస్సు స్విచ్చికి, నడపొద్దని, ఎర్ర అట్టముక్క వేలాడుతోంది. దాని పక్కనుంచే అందరూ నడిచి వెళ్లారు. చూడలేదంటే కుదరదు.

ఆ అట్ట కట్టింది మెకానిక్కు. జేబులో పానా లేకుండా ఎవరూ ఎప్పుడూ చూడలేదు గనక అందరికీ ఆయన పానా మామయ్య. ముప్ఫయ్యేళ్లుగా ఆయన పొద్దు ఒకేలా మొదలయ్యేది. టిఫిన్ డబ్బా బల్ల కింద తోసి, నూనెగుడ్డ భుజాన వేసుకుని, ఒక్కో మెషీను మీద అరచెయ్యి ఆనించి, తల వంచి వినేవాడు. "ఏమ్మా, ఒంట్లో ఎలా ఉంది?" అని మెషీన్నే అడిగేవాడు. సామాను దొరికితే మార్చేవాడు. దొరక్కపోతే దాని రోగాన్ని తన ఒంట్లోకి తీసుకునేవాడు. పంపు బేరింగు గరగర ఆయన కుడి మోకాలిలో ఉంది. గేర్‌బాక్సు కటకట దవడలో ఉంది. కంప్రెసరు ఈల ఛాతీలో ఉంది. సాయంత్రం ఆయన మెట్లెక్కుతుంటే భార్య వంటింట్లోంచే, "పంపు వస్తోంది, కంచం పెట్టండర్రా" అనేది పిల్లలతో.

ఆయన చేసిన తప్పల్లా ఒక్కటే. మొట్టమొదటిసారి స్టోర్సులో బేరింగు లేదన్నప్పుడు, "పర్లేదు సార్, నేను తీసుకుంటాలెండి" అన్నాడు. మంచితనం కొద్దీ అన్నాడు. అప్పట్నుంచి స్టోర్సువాళ్లు బేరింగులు తెప్పించడమే మానేశారు. మానరూ మరి! ఊరికే మోసే ఒళ్లు ఎదురుగా ఉంటే సామాను ఎవడు తెప్పిస్తాడు?

మూడో నంబరు ప్రెస్సు మీద పనిచేసేది ఆయన చెల్లెలు. రేకును చేత్తో లోపల పెట్టి, చెయ్యి తీసి, కాలితో తొక్కాలి. ఇనప దిమ్మ దిగి, రేకును వంచి, పైకెళ్లి ఆగాలి. దాని బ్రేకు పట్టీ అరిగిపోయింది. పైకెళ్లిన దిమ్మ ఆగినట్టే ఆగి, బెత్తెడు కిందికి జారుతోంది. ఇవాళ బెత్తెడు, రేపు మొత్తం. వేళ్లుండేది దాని కిందే.

సూపర్‌వైజరు వచ్చాడు. "ఏంటయ్యా ఈ అట్ట? విప్పు."

"పట్టీ తెప్పించండి సార్, విప్పుతా. పదకొండు వారాల నుంచి రాస్తూనే ఉన్నా."

"అది వచ్చేదాకా ప్రెస్సు ఆపితే ఈ వరసలో ఆడవాళ్లందర్నీ ఇంటికి పంపాలి. ముందు పోయేది మీ చెల్లెలే. తర్వాత నీ ఇష్టం."

అట్ట కట్టినవాడే విప్పాలన్నది అక్కడి కట్టుబాటు. ఇంకెవరూ ముట్టుకోరు. సూపర్‌వైజరు కూడా ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"వద్దన్నయ్యా," అంది చెల్లెలు. "నీ ఒంట్లో ఇంకా చోటెక్కడ ఏడిచింది? నేను జాగ్రత్తగా చేసుకుంటాలే."

"నువ్వు జాగ్రత్తగానే ఉంటావే. అది ఉండొద్దూ?"

"పోనీ, ఇంటికే పోతా."

"పోయి? మీ ఆయన మంచం దిగడు. ఇద్దరూ కలిసి గోడలు నాకుతారా?"

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు.

ఆయన ప్రెస్సు వెనక్కి వెళ్లి, బ్రేకు డ్రమ్ము మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకున్నాడు. ఒక్క నిమిషం పట్టింది. వచ్చి అట్ట విప్పాడు. చెల్లెలు కాలితో తొక్కింది. దిమ్మ దిగింది, లేచింది, ఆగింది. వెంట్రుకవాసి కదల్లేదు.

ఆయనే ఆగలేదు. తన బల్ల దగ్గర నిలబడబోయి రెండడుగులు ముందుకెళ్లి గోడకు కొట్టుకున్నాడు. మంచినీళ్ల గ్లాసు నోరు దాటి చెంపకు తగిలింది. బోల్టుకు పెట్టబోయిన పానా బెత్తెడు అవతల గాల్లో పడింది. ఇంటికెళ్లి భార్య భుజమ్మీద చెయ్యి వేయబోతే, అది ఆమెను దాటి తలుపును తాకింది.

"ఇది ఏ మెషీనండీ?" అందామె. "చప్పుడే లేదు."

"ప్రెస్సు."

ఆమె కంచం తెచ్చింది. చిన్నపిల్లాడికి పెట్టినట్టు ఆయనకు తనే తినిపించింది.

మర్నాడు సూపర్‌వైజరు, "చెయ్యి నిలవనివాడికి మెషీన్ల దగ్గరేం పని? నీ మంచికే చెబుతున్నా" అని గేటు చూపించాడు. ముప్ఫయ్యేళ్ల మనిషి గేటు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి చూద్దామని ఆగబోయాడు. ఆగలేకపోయాడు.

బుధవారం సరుకు మోసే కన్వేయరు మోటారు కీచుమంది. సూపర్‌వైజరు స్టోర్సు వైపు తలైనా తిప్పకుండా తిన్నగా చెల్లెలి దగ్గరికొచ్చాడు.

"నువ్వు ఆయన తోబుట్టువే కదమ్మా. ఓసారి చెయ్యి ఆనించి చూడు, నీకూ వస్తుందేమో."

వరసలో ఆడవాళ్లందరూ తలలు దించుకుని రేకులు సర్దుకున్నారు. ఆమె చేతులు తుడుచుకుంది. అన్నయ్య మిగిల్చిన పది వేళ్లూ చాపి మోటారు మీద ఆనించింది. కీచు ఆగింది.

"శభాష్!" అన్నాడు సూపర్‌వైజరు.

ఆ మాటకు ఆమె తల తిప్పింది. మెడ కీచుమంది.

మనిషి ఒళ్లు ఎంతని పడుతుంది? ముప్ఫయ్యేళ్లు మోసిన ఒళ్లే నిండిపోయింది. ఈమెదీ నిండిపోయాక, ఆ మెషీన్ల మీద ఆనించాల్సిన చెయ్యి ఎవరిది?