అరగని బూట్లు

చెప్పుల తాత మనుషుల మొహాలు పెద్దగా చూడడు. చేతికిచ్చిన జోడు తిరగేసి సోలు చూస్తాడు, అంతే, జాతకం చెప్పేస్తాడు. "సంచి ఎప్పుడూ కుడి భుజానికే తగిలిస్తావా?" అంటే వచ్చినవాళ్లు నోరెళ్లబెడతారు. మడమ బయటివైపు అరిగితే ఒక కథ, బొటనవేలి కింద అరిగితే ఇంకో కథ. నలభై ఏళ్లుగా ఆ చిన్న దుకాణంలో కూర్చుని అందరి నడకా చదివిన మనిషికి ఆ సాయంత్రం ఒక జోడు మాత్రం కొరుకుడు పడలేదు.

పిల్లల నల్ల బూట్లు. బస్సు నడిపే కూతురు పొద్దున డ్యూటీకి పోతూ సంచీతో పడేసి, "ఎవరివో, కాస్త చూడు నాన్నా" అని వెళ్లిపోయింది. రెండు పక్కలా కుట్లు తెగి నోళ్లు తెరిచాయి. సోలు మాత్రం నిన్న డబ్బాలోంచి తీసినట్టుంది. దాని మీద అచ్చేసిన సైజు అంకె ముప్పైమూడు చెక్కు చెదరలేదు. పిల్లల బూట్లంటే ముందు సోలు పోవాలి కదా, ఇదేం విచిత్రం? పొడవు సరిపోయినట్టే ఉంది. చాలనిది వెడల్పే.

పక్కన ఎత్తు స్టూలు మీద మనవరాలు మఠం వేసుకుని, ఫోను చూస్తూ చిప్సు నములుతోంది. తొమ్మిదేళ్ల పిల్ల. నోరు తెరిస్తే "ఎందుకు?" అంటుందని ఇంట్లో ఆమె పేరే ఎందుకమ్మ. బడి వదలగానే ఆటోలో దుకాణానికి వస్తుంది. బయట బండ్లు రయ్యిన పోతుంటాయి. పిల్ల రోడ్డెక్కకుండా తాత కనిపెట్టిన ఉపాయం చిప్సు పొట్లం, కూల్‌డ్రింకు, ఫోను. ఆ ఉపాయం చూసుకుని ఆయనకు కాస్త గర్వం కూడా.

"ఎందుకమ్మా, ఇటు చూడు. ఈ బూట్ల పిల్ల మంచాన పడి ఉంటుందంటావా?"

"ఎందుకు?"

"అరగలేదు."

"పొద్దున నాక్కూడా అరగలేదు. బడిలో కడుపు పట్టుకుని కూర్చున్నా."

"అది తిండి అరగడం. ఇది సోలు అరగడం. రెండూ వేరు."

"వేరైతే ఒకటే మాట ఎందుకు?"

తాత బుర్ర గోక్కున్నాడు. రోజుకు పదిసార్లు అనే మాట, ఒక్కనాడూ ఆలోచించలేదు. నడిస్తే బూటు అరుగుతుంది. నడిస్తేనే తిన్నదీ అరుగుతుంది. అక్కడికి రాగానే చిక్కుముడి విడిపోయింది.

"ఆహా, దొరికింది! ఈ పిల్లకి జబ్బూ లేదు, పాడూ లేదు. కూర్చోబెట్టి మేపుతున్నారు. ఆ పెద్దలెవరో గానీ వాళ్లకి బుద్ధుండాలి!"

ఎందుకమ్మ పకపకా నవ్వింది. "అవి నావే తాతయ్యా! ఆరు నెలల కింద నువ్వే కొన్నావు."

తాత నవ్వలేదు. చేతిలోని బూటునూ, పిల్ల చేతిలోని పొట్లాన్నీ మార్చి మార్చి చూశాడు. అందరి కాళ్లూ చదివినవాడు ఇంట్లో కాళ్లు చదవలేదు. ఎలా చదువుతాడు, అవి నేల మీద ఉంటే కదా! సిగ్గుతో ఆయన మొహం మాడిపోయింది.

కూతురు డ్యూటీ దిగి వచ్చేసరికి బూట్లు బల్ల మీదే ఉన్నాయి.

"ఎవరివో అన్నావేం?"

"మాటల్తో చెబితే 'చిన్నపిల్ల, తిననీ' అంటావు నాన్నా. బూట్లిస్తే నువ్వే కనిపెడతావని ఇచ్చా." ఆమె కుర్చీలో కూలబడింది. "దాని రక్తంలో చక్కెర హద్దు దాకా వచ్చిందట. మూడు నెలలు తిండీ ఆటా మార్చి చూడమన్నాడు డాక్టరు. అప్పటికీ తగ్గకపోతే మందులు మొదలెట్టాల్సి రావచ్చట. తొమ్మిదేళ్లకే మందులు!"

తాత అప్పటికప్పుడే తెగిన చోట తోలు ముక్కలేసి, బూట్లు వెడల్పు చేసి కుట్టాడు. సోలు మాత్రం ముట్టుకోలేదు.

మర్నాటి నుంచి బడి వదిలే వేళకు దుకాణం తలుపు పడేది. తాతా మనవరాలూ వెనక వీధి మైదానానికి పోయేవాళ్లు. చిప్సు బదులు పండు, కూల్‌డ్రింకు బదులు మంచినీళ్లు. పిల్ల మూతి ముడుచుకుంది. నాలుగడుగులు పరిగెత్తి, ఆయాసం అంటూ చతికిలబడింది.

"సరే, ఆ ముప్పైమూడు ఎన్నాళ్లకి చెరుగుతుందో చూద్దామా?" అన్నాడు తాత.

అంతే, పిల్లను పురుగు తొలిచింది. రోజూ గస పెడుతూ వచ్చి బూటు తిరగేసేది. "మొదటి మూడు తోక పోయింది తాతయ్యా! రెండోది ఎందుకు పోలేదు?"

"ఇంకో రెండు చుట్లు కొట్టి చూడు" అనేవాడు తాత, బెంచీ మీంచి లేవకుండా. దుకాణంలో మిగిలిన చిప్సు పొట్లాలు పారెయ్యడానికి చేతులు రాక, ఆయనే అక్కడ కూర్చుని ఒక్కోటీ ఖాళీ చేశాడు. అవి అయిపోయాక ఇంకో నాలుగు కొన్నాడు కూడా.

మూడు నెలలకు మళ్లీ పరీక్ష. చక్కెర హద్దు కిందికి దిగింది, మందులు అక్కర్లేదు, ఇలాగే సాగించండి అన్నాడు డాక్టరు. ఆ మాట విని తాత దుకాణంలోనే కళ్లు తుడుచుకున్నాడు. ఎవరు చూసినా ఆయనకు పట్టలేదు.

ఎందుకమ్మ బూటు విప్పి బల్ల మీద బోర్లించింది. అంకె జాడే లేదు. బొటనవేలి కింద చిల్లు పడటానికి సిద్ధంగా ఉంది.

"అరిగింది!" అన్నాడు తాత మురిసిపోతూ.

"ఏదీ, నీది చూపించు?"

ఆయన ఆపేలోపే పిల్ల బల్ల కింద దూరి, తాత కాలి చెప్పు ఒకటి లాగేసింది. ఏడాది కిందటి చెప్పు. సోలు మీద అక్షరాలన్నీ కొత్తవాటిలా ఉన్నాయి. దాన్ని వెలుగుకెత్తి, అచ్చం తాతలాగే కళ్లు చికిలించింది.

"ఆహా, దొరికింది! ఈ తాతకి జబ్బూ లేదు, పాడూ లేదు. కూర్చోబెట్టి మేపుతున్నారు. ఆ మనవరాలెవరో గానీ దానికి బుద్ధుండాలి!"

తాత చెప్పు అందుకోబోయాడు. పిల్ల చెప్పుతో సహా గుమ్మం దాటేసింది. దుకాణం తలుపు వెయ్యడం కూడా మర్చిపోయి, ఒంటికాలి చెప్పుతో తాత మైదానం దాకా దాని వెనకే పరిగెత్తాడు.