పంజాకి రెండు పైపులు

మా యంత్రాన్ని అందరూ బాతు అంటారు. నాలుగు ఇనుప కాళ్ళతో గట్టు దిగుతుంది, నీళ్ళలో తేలుతుంది, వెనక చిన్న రెక్కల చక్రం తిప్పుకుంటూ కాలవ పొడవునా పోతుంది. మూతి మాత్రం పనికొకటి. పూడిక తవ్వాలంటే బకెట్, బురద తోడాలంటే పంపు, నీళ్ళలో అల్లుకున్న గుర్రపుడెక్కనో మొద్దునో పట్టి లాగాలంటే పంజా. బాతుని నడిపేది నేను. మూతులు మార్చేది పెదనాన్న. పదకొండేళ్ళుగా ఇదే వరస. కేబిన్‌లో కూర్చుని నేనెంత గొప్పలు పోయినా, ఆయన కింద పిన్నులు బిగించి పైపులు తగిలించకపోతే బాతుకి మూతి లేదు, నాకు పని లేదు.

నాకు ముక్కు మీద కోపం. చదువు మానేసి పెదనాన్న వాళ్ళింట్లో మకాం పెట్టిన నాటినుంచీ ఆ కోపంలో పెద్ద వాటా ఆయనకీ పెద్దమ్మకీ ముట్టింది. వాళ్ళకి పిల్లల్లేరు. ఆ లోటు తెలియకుండా నేనొక్కదాన్నే పదిమంది పిల్లలంత విసిగించాను.

పంజాకి రెండు ఆయిల్ పైపులుంటాయి. ఒకదాంట్లోకి ఆయిల్ పోతే పంజా మూసుకుంటుంది, రెండోదాంట్లోకి పోతే తెరుచుకుంటుంది. కేబిన్‌లో లివర్ ఎడమకి తోస్తే మూయాలి, కుడికి తోస్తే తెరవాలి. చిక్కేమిటంటే రెండు పైపుల కొసలూ ఒకే సైజు. ఒకప్పుడు ఎర్ర టేపు, నీలం టేపు చుట్టి ఉండేవి. జిడ్డు తగిలి ఏనాడో ఊడిపోయాయి. మళ్ళీ చుడదామంటే పెదనాన్న ఒప్పుకోడు. "నా చేతికి తెలుసు, రంగులెందుకు" అంటాడు. నిజంగానే ఆ చేతికి తెలుసు. నేను చేరిన మొదటి ఏడాది వదిలేస్తే, ఆ తర్వాత పదేళ్ళలో ఒక్కసారి తప్పలేదు.

ఈ ఏడు ఎండలు మొదలయ్యాక తప్పింది. పంజా తగిలించాక గాల్లో ఓసారి తెరిచి మూసి చూడటం మా అలవాటు. ఆ రోజు మూద్దామని లివర్ ఎడమకి తోస్తే పంజా నోరు తెరిచింది. కిందికి చూశాను. పెదనాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పని బాగా కుదిరినవాడిలా నావైపు చూసి తలూపాడు.

దిగి చెప్పాల్సింది. చెప్పలేదు. అంతకు రెండు రోజుల ముందే ఆయన ఇంటి తాళంచెవి బాతు తలుపులో దూర్చి తెగ తిప్పాడు. "అది ఇంటిది పెదనాన్నా" అంటే నవ్వేశాడు కానీ మొహం నల్లబడింది. ఆ మొహం మళ్ళీ చూడలేక, మూయడానికి కుడికీ తెరవడానికి ఎడమకీ తోస్తూ రోజంతా నెట్టుకొచ్చాను. సాయంత్రానికి బుర్ర ఎంత తిరిగిపోయిందంటే, ఇంటికొచ్చి కుళాయి కట్టబోయి పూర్తిగా తిప్పి పెద్దమ్మని నిలువునా తడిపాను.

తర్వాత పంజా తగిలించిన ప్రతిసారీ అదే తంతు. బకెట్ సరిగ్గానే పెట్టేవాడు, పంపూ సరిగ్గానే పెట్టేవాడు. పంజా ఒక్కటే తారుమారు. వరసగా తొమ్మిదిసార్లు. పైవాళ్ళకి తెలిస్తే ఆయన్ని పనిలోంచి తీసేస్తారు. పని లేని పెదనాన్న ఇంట్లో కూర్చుని ఏమైపోతాడో ఊహించే ధైర్యం నాకు లేదు. పైగా, ఆయన్ని నేనే కాపాడుకొస్తున్నానని లోపల్లోపల కాస్త గర్వం కూడా.

పదోసారి పంజా అవసరమైంది వంతెన దగ్గర. నీళ్ళలో పెద్ద చెట్టు మొద్దు అడ్డం పడి ప్రవాహం వెనక్కి తన్నుతోంది. మా సూపర్‌వైజర్ గట్టు మీద నిలబడ్డాడు. ఆయనకి గడియారం అని పేరు పెట్టాం. పలకరించినా సరే, ముందు చేతి వాచీ చూసుకుని తర్వాత బదులిస్తాడు.

"టైమ్ లేదు. ముందు మొద్దు సంగతి చూడు" అన్నాడు.

గాల్లో తెరిచి మూసి చూసే పని ఆ ఒక్కరోజు మానేశాను. తొమ్మిదిసార్లు తారుమారుగా పెట్టినవాడు పదోసారి మాత్రం మారతాడా అనుకున్నాను. సగం తెరిచి ఉన్న పంజాని అలాగే మొద్దు మీదికి దించాను. పెదనాన్న చిన్న పడవలో దగ్గరికొచ్చి, మొద్దుకి చుట్టుకున్న తీగల్ని గెడతో పక్కకి నెడుతున్నాడు. పంజా పళ్ళ మధ్యలోంచి గెడ పోనిచ్చి, ఇంకాస్త తెరువు అన్నట్టు రెండో చేతి వేళ్ళు విప్పి చూపించాడు.

నేను లివర్ ఎడమకి తోశాను.

పంజా తెరుచుకోలేదు. టక్కున మూసుకుంది. గెడ రెండు ముక్కలైంది. పెదనాన్న వెల్లకిలా పడవలో పడ్డాడు. విరిగినచోటికీ ఆయన చేతికీ మధ్య జానెడు ఎడం లేదు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. కేబిన్ దిగి బాతు అంచు మీద పాక్కుంటూ వెళ్ళేసరికి ఆయన లేచి కూర్చుని, నీళ్ళలో తేలుతున్న టోపీ కోసం చేయి చాపుతున్నాడు.

గడియారం గట్టు మీంచి అరిచాడు. "ఎవరిది తప్పు?"

"నాదే సార్. చేయి తడబడింది."

"రేపు పొద్దున ఆఫీసుకి రా. నిన్ను బాతు మీద ఉంచాలో వద్దో మాట్లాడదాం."

ఆ మాట పెదనాన్న విన్నాడు.

సాయంత్రం పెద్దమ్మ ఆయన అరచేతిలో గుచ్చుకున్న పేళ్ళు సూదితో తీస్తోంది. ఇక దాచలేకపోయాను.

"పంజాకి పైపులు తారుమారుగా పెడుతున్నావు పెదనాన్నా. ఎండలు మొదలైనప్పట్నుంచీ. నేనే నీకు చెప్పలేదు."

ఆయన పెద్దమ్మ చేతుల్లోంచి తన చేయి వెనక్కి లాక్కున్నాడు. "ఇవాళ కూడానా?" అన్నాడు.

"ఇవాళ సరిగ్గానే పెట్టావు. అందుకే కొంప మునిగేది."

పెద్దమ్మ నవ్వు ఆపుకుంది. ఆయన ఆపుకోలేదు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. ఆ నీళ్ళు నవ్వినందుకే వచ్చాయో లేదో నేను అడగలేదు.

"పనిలో చేరిన కొత్తలో నీకు లివర్ ఎన్నాళ్ళకి పట్టుబడిందే?" అన్నాడు.

"మూడు రోజులకి." పదకొండేళ్ళుగా కనపడినవాళ్ళందరికీ చెప్పుకుంటున్న గొప్ప అది.

"మూడు రోజులు కాదు, మూడు నెలలు. నీది ఎడమచేతివాటం. మూయమంటే తెరిచేదానివి, తెరవమంటే మూసేదానివి. ఈ పిల్ల పనికిరాదు, పంపించేద్దాం అన్నాడు గడియారం. ఏం చెయ్యను, మూడో రోజు పైపులు మార్చి పెట్టాను. నువ్వు తప్పు తోస్తే పంజా ఒప్పు తిరిగింది."

నేను నా ఎడమచేతి వైపు చూసుకున్నాను.

"తర్వాత మెల్లిగా, అప్పుడప్పుడూ ఓ పూట సరిగ్గా పెట్టేవాణ్ణి, నీ చేయి మారుతుందేమోనని. ఆ పూటల్లో నువ్వు దిగొచ్చి, ఇన్నేళ్ళొచ్చాయి, పైపులు పెట్టడం కూడా రాదా అని నన్ను కేకలేసేదానివి."

కేకలేయడం నాకు బాగానే గుర్తుంది. తలకాయ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే నీ మొహం చిన్నబోయేది" అన్నాడు.

పొద్దున నేను లేచేసరికి ఆయన ఇంట్లో లేడు. ఆఫీసు గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి లోపల్నుంచి గొంతు వినిపించింది. గడియారం బల్ల ముందు, టోపీ రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు పెదనాన్న.

"ఆ పిల్లని పంపించొద్దు సార్. తప్పు నాది. ఎడమచేతివాటం, అంతే. బుర్ర బంగారం. మూడు నెలలు టైమివ్వండి. పంజా పైపులు నేను చూసుకుంటాను."

నిన్నటి సంగతే చెబుతున్నాడనుకున్నాను. నా నేరం తన మీద వేసుకుంటున్నాడు. వద్దని చెప్పడానికి లోపలికి అడుగు పెట్టబోయాను.

"పంతొమ్మిదేళ్ళ పిల్ల సార్" అన్నాడు. "మొన్ననే వచ్చింది."

నాకు ముప్ఫై ఏళ్ళు. అడుగు అక్కడే ఆగిపోయింది.

అప్పుడు తెలిసింది. ఆయన పైపులు మరిచిపోయి తారుమారు చేయలేదు. పంజా తగిలించేటప్పుడల్లా కేబిన్‌లో ఆయనకి కనపడింది ఆ కొత్త పిల్లే. లివర్ తప్పు తోసే పిల్ల, ఉద్యోగం ఊడబోతున్న పిల్ల. పదోసారి మాత్రం నేను నేనుగానే కనపడ్డాను కాబోలు, సరిగ్గా పెట్టాడు. నేనాయన్ని కాపాడుతున్నానని మురిసిపోయిన ఆ తొమ్మిదిసార్లూ ఆయనే నన్ను కాపాడుతున్నాడు. గుమ్మానికి ఆనుకుని ఏడ్చాను. చప్పుడు కాకుండా ఏడవడం నాకు చేతకాదు.

గడియారం తలెత్తి నన్ను చూశాడు, మళ్ళీ ఆయన్ని చూశాడు. వాచీ చూసుకోలేదు.

"అలాగే మేస్త్రీ గారూ. ఉంచుకుందాం."

"మాటేనా?"

"మాటే" అని లేచి, తన కుర్చీ ఇటు తిప్పి ఆయన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. టీ చల్లారేదాకా ఇద్దరూ కాలవ గురించే మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత గడియారానికి నేను మొదటినుంచీ అన్నీ చెప్పాను. దాచినందుకు చీవాట్లు తిన్నాను, తినాల్సినవే. పైపులకి మళ్ళీ ఎర్ర టేపు, నీలం టేపు చుట్టాను. ఇప్పుడు మూతులు మార్చేది నేనే. పెదనాన్న గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. పంజా తగిలించాక ఆయన సైగ చేయనిదే నేను పని మొదలుపెట్టను. అది గడియారం పెట్టిన నియమం.

ఆయన వేళ్ళు విప్పుతాడు, నేను గాల్లో పంజా తెరుస్తాను. పిడికిలి బిగిస్తాడు, మూస్తాను. కొన్ని రోజులు నన్ను నన్నుగానే చూసి, గ్రీజు సరిగ్గా పెట్టలేదని తిడతాడు. కొన్ని రోజులు మాత్రం పక్కన నిలబడ్డ గడియారం వైపు తిరిగి, నాకు వినపడేలా, "చూశారా సార్, మూడు నెలలు అడిగాను, మూడు రోజుల్లో నేర్చేసుకుంది" అంటాడు.